మామయ్యగారి పై సెట్టు

మార్చి 3, ఆదివారం

ఈ డైరీ మా ఆవిడ ఇచ్చింది. మందుల కంపెనీవాళ్లు మా పళ్ల డాక్టరమ్మకి ఇస్తే, డాక్టరమ్మ నాకిస్తే, నేను బీరువా మీద పడేసినది. ఇవాళ సాయంత్రం దుమ్ము దులిపి నా ఒళ్లో పెట్టి, "ఇక నా చెవిలో గొణక్కండి. ఇందులో గొణుక్కోండి," అంది. నేను గొణగడం లేదని చెప్పాను. గత మూడు ఆదివారాల ఆటని విశ్లేషిస్తున్నాను, అంతే. విశ్లేషణకీ గొణుగుడుకీ తేడా తెలియని మనిషితో ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తున్నాను.

విశ్లేషణ అన్నాక పద్ధతిగా ఉండాలి. ఆడేది నలుగురం. నేను, మా ఆవిడ, కింది వాటాలో ఉండే మా మామగారు, ఎదురింటి బస్సు డ్రైవరు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, మా వంటింటి బల్ల దగ్గర. ఆట పోకరు. డబ్బులు ముట్టుకోం. నేను కట్టుడు పళ్లు చేసేవాణ్ణి గనక మా పందేలన్నీ పళ్లే. ల్యాబులో రంగు కుదరక మిగిలిపోయిన పళ్లు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. మనిషికి ముప్పై రెండు. ముందుపన్ను ఒకటి, కోరపన్ను అయిదు, దవడపన్ను పది. అన్నీ పోగొట్టుకున్నవాడు బోసినోరు. బోసినోరు లేచి అందరికీ టీ పెట్టాలి. మూడు వారాలుగా టీ నేనే పెడుతున్నాను.

మామయ్యగారు ముప్పయ్యేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో చెప్పిన మనిషి. ఆ గొంతుతోనే "అల్లుడుగారూ, రెండు దవడపళ్లు పెంచుతున్నాను" అంటారు. అయినా ఆరేళ్లుగా ఆయన్ని నేను ఓడిస్తూనే ఉన్నాను. చేతిలో ఏమీ లేకుండా ఆయన పందెం పెంచితే నాకు ఇట్టే తెలిసిపోయేది. మొహం చూసి చెప్పేస్తాను. అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "మేస్త్రీ, మీ ముందు అబద్ధం నిలవదండీ," అని డ్రైవరు కూడా ఒప్పుకున్నాడు.

ఈ మూడు వారాలూ ఆ విద్యకి కాస్త నలతగా ఉంది. అంతకుమించి ఏం లేదు.

మార్చి 5, మంగళవారం

నాకేం బాధగా లేదు.

మార్చి 10, ఆదివారం

మళ్లీ బోసినోరు. కారణాలు దొరికాయి. నేను కూర్చునే కుర్చీకి కిటికీ ఎదురు. వెలుతురు కళ్లల్లో పడుతుంటే మొహాలు ఎలా చదవను? పైగా మా ఆవిడ ముక్కలు పంచేటప్పుడు కబుర్లు చెబుతుంది. డ్రైవరు ముక్కలు చూసుకుంటూ ఈల వేస్తాడు. ఇన్ని ఆటంకాల మధ్య నలభై నిమిషాలు నిలదొక్కుకున్నానంటే గొప్పే.

టీలో చక్కెర వేయడం మరిచిపోయానట. "ఓడిపోయిన కోపం టీ మీద చూపించకండి అల్లుడుగారూ," అన్నారు మామయ్యగారు. కోపం అని ఎవరన్నారు? నేను ఆటంతా చిరునవ్వుతోనే ఉన్నాను. కావలసినంత నవ్వాను. దవడలు నొప్పెట్టాయి.

మార్చి 11, సోమవారం

ఓటమిని హుందాగా తీసుకోవడం ఎలాగో ఆలోచించి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముక్కలు పడేసే ముందు పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి. రాత్రి పక్కమీద సాధన చేశాను. "ఆయాసమా? డాక్టర్ని పిలవనా?" అంది మా ఆవిడ. లేదు, మనశ్శాంతి అన్నాను. "కాస్త మెల్లిగా పొందండి, నాకు నిద్ర రావడంలేదు," అని అటు తిరిగి పడుకుంది.

మార్చి 17, ఆదివారం

ఇవాళ్టిది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నా చేతిలో రెండు జతలు. రాణులూ తొమ్మిదులూ. మా ఆవిడ, డ్రైవరు ముక్కలు పడేశారు. మామయ్యగారు తన ముందున్న పళ్ల కుప్పంతా రెండు చేతులతో మధ్యలోకి తోశారు. ఆయన మొహం చూశాను. కళ్లు, కనుబొమలు, చెవులు అన్నీ చూశాను. శుభ్రంగా గీసిన గడ్డం తప్ప ఏమీ కనబడలేదు. ఊపిరి పీల్చాను. ఏడోసారి పీలుస్తుండగా డ్రైవరు, "మేస్త్రీ, ఆరున్నరకి నా డ్యూటీ," అన్నాడు. నేను పందెం వదులుకుని ముక్కలు పడేశాను.

మామయ్యగారు తనవి తిప్పి చూపించారు. ఏడు, నాలుగు, రెండు, జాకీ, మూడు. ఏ ఒక్కదానికీ ఇంకోదానితో చుట్టరికం లేదు. చూపించాల్సిన అవసరం లేదు, అయినా చూపించారు. అందరూ ఒకటే నవ్వు. ఆయన నోరంతా తెరిచి నవ్వారు. తర్వాత కొయ్యకుండా ఒక ఆపిల్ పండు తీసుకుని కరకరా కొరికారు. పోయిన నెల దాకా ఆపిల్‌ని ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్లీ ముక్కలు కోసి తినేవారు. చిగుళ్లు అరిగి ఆయన కట్టుడు పళ్ల పై సెట్టు వదులైందంటే ఫిబ్రవరిలో కొత్తగా అచ్చు తీసి, లోపల లైనింగు వేసి బిగించాను. నేను బిగించిన పళ్లతోనే నన్ను చూసి నవ్వుతున్నారు. ఎంత చక్కగా కూర్చుందో ఆ సెట్టు. అది వేరే సంగతి.

టీ పెట్టాను. చక్కెర వేశాను.

మార్చి 20, బుధవారం

డాక్టరమ్మ క్లినిక్‌కి రమ్మంది. ఒక పెద్దావిడ పళ్లు వదులుగా ఉన్నాయట, ఒకసారి చూసి పొమ్మంది. నేను పక్కన నిలబడ్డాను. "తీపి తగ్గించారా?" అని అడిగింది డాక్టరమ్మ. "అసలు ముట్టుకోనమ్మా," అంది పెద్దావిడ. అంటూ నాలుకతో పై సెట్టుని పైకి నొక్కుకుంది. టక్.

"అబద్ధం," అన్నాను.

అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలియదు, నోట్లోంచి ఊడిపడింది. డాక్టరమ్మ నావైపు చూసింది. పెద్దావిడ సంచీలోంచి బిస్కెట్ల పొట్లం తీసి తలదించుకుని బల్లమీద పెట్టింది.

బస్సెక్కి ఇంటికి వస్తున్నంతసేపూ నా చెవుల్లో ఆ చప్పుడే. ఆరేళ్లుగా ప్రతి ఆదివారమూ విన్న చప్పుడది. మామయ్యగారు చేతిలో ఏమీ లేకుండా బ్లఫ్ చేసినప్పుడల్లా కంగారులో పై సెట్టుని నాలుకతో పైకి నొక్కేవారు. టక్. అది విని నేను, ఆహా, ఈయన కళ్లల్లో అబద్ధం కనబడుతోంది అనుకునేవాణ్ణి.

దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మార్చి 21, గురువారం

అంటే పుట్టుకతో వచ్చిన విద్య లేదు. ఒక వదులు సెట్టు ఉంది, అంతే. దాన్ని బిగించిందీ నేనే.

మా ఆవిడకి చెప్పలేదు. చెబితే నవ్వుతుంది. పది రోజులు నవ్వుతుంది.

మార్చి 24, ఆదివారం

బోసినోరు. ఆట మీద ధ్యాస లేదు. ఆయన నోరే చూస్తూ కూర్చున్నాను. "ఏంటి అల్లుడుగారూ, ఆదివారం కూడా డ్యూటీనా?" అన్నారు.

డ్రైవరు వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఏప్రిల్ ఆరున, శనివారం, డిపోలో వీడ్కోలు సభ. మామయ్యగారిని మైకు పట్టుకోమన్నాడు. "నా మొదటి బస్సు పేరు మీరే చెప్పారు సార్. ఇన్నేళ్లూ నేను తిరిగిన దారులన్నీ వరసగా మీ గొంతుతో ఒక్కసారి వినాలనుంది," అన్నాడు. మామయ్యగారు వెంటనే ఒప్పుకోలేదు. పళ్లు వదులైనప్పట్నించీ ఆయన నలుగురిలో మాట్లాడడం మానేశారు. నావైపు చూసి, "మా అల్లుడుగారు బిగించిపెట్టారు కాబట్టి ధైర్యం చేస్తాను," అన్నారు. ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే అయింది. నిజంగానే అయింది.

మార్చి 27, బుధవారం

పొద్దున మామయ్యగారు ల్యాబుకి వచ్చారు. ఎడమవైపు చిగురు కాస్త ఒరుసుకుంటోందన్నారు. చూశాను. ఆవగింజంత సరిచేశాను. పనిలోపనిగా అంగిలి వెనక అంచు కూడా కొంచెం అరగదీసి నున్నగా చేశాను. నున్నగా ఉంటే మంచిదే.

మార్చి 28, గురువారం

నున్నగా ఉంటే మంచిదే. అంచు గరుగ్గా ఉంటే కొందరికి వికారం వస్తుంది. మామయ్యగారికి వస్తోందని కాదు. రావచ్చు.

మార్చి 31, ఆదివారం

గెలిచాను. గెలిచాను. గెలిచాను.

ముగ్గురివీ ఊడ్చేశాను. మామయ్యగారు నాలుగు దవడపళ్లు పెంచారు. టక్. నేను ఎక్కడా తొణకకుండా, ఊపిరి కూడా పీల్చకుండా, "చూపించండి," అన్నాను. చూపించారు. ఒట్టి ఆసు. డ్రైవరు లేచి నాకు దణ్ణం పెట్టాడు. "విద్య తిరిగొచ్చిందండోయ్," అన్నాడు. ముందుగా బోసినోరైంది మామయ్యగారు గనక టీ ఆయనే పెట్టారు. బాగానే పెట్టారు. తన రొట్టెముక్క టీలో నానబెట్టుకుని తిన్నారు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఓడిపోయినందుకు సిగ్గేమో.

ఎంత హాయిగా ఉందో. పళ్ల డబ్బా తలగడ పక్కన పెట్టుకున్నాను. మా ఆవిడ తీసి కిందపెట్టింది.

ఏప్రిల్ 2, మంగళవారం

"నాన్న రెండ్రోజులుగా జావే తాగుతున్నారు. అరగడంలేదేమో," అంది మా ఆవిడ. ఎండలు కదా అన్నాను.

ఏప్రిల్ 4, గురువారం

శనివారం మైకు ఉంది. ఈలోగా ఆయన్ని పిలిచి అంచు ఒకసారి చూడాలి. రేపు చూస్తాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

డాక్టరమ్మ అర్జెంటుగా రెండు సెట్లు కావాలంది. తీరికే చిక్కలేదు. ఒక్క గంట దొరికింది గానీ, ఆ గంటలో పాలిష్ మిషను తుడిచాను.

ఏప్రిల్ 6, శనివారం

రాయాలనిలేదు. రాస్తాను.

డిపోలో వంద మంది దాకా ఉన్నారు. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డారు. మొదటి నాలుగు దారులూ చెప్పారు. ఆ గొంతు వినగానే కుర్చీల్లో ఉన్న పాత కండక్టర్లందరూ నిటారుగా కూర్చున్నారు. అయిదో దారి చెబుతుండగా పై సెట్టు జారింది. మాట నోట్లోనే చితికిపోయింది. మైకులో ముందు చప్పుడొచ్చింది, తర్వాత చప్పరింపు వచ్చింది. వెనక వరసల్లో కుర్రాళ్లు నవ్వారు. ఆయన నాలుకతో సర్దుకుని మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ జారింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మైకు పక్కనున్న క్లర్కు చేతికిచ్చి, వచ్చి నా పక్కన కూర్చున్నారు. మిగతా దారులు క్లర్కు కాగితం చూసి చదివాడు. డ్రైవరు తలెత్తకుండా విన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు భార్య, "ఏమైంది బాబాయ్‌గారూ, పళ్లు సరిగా అమరలేదా?" అని అడిగింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"పళ్లదేం తప్పులేదమ్మా," అన్నారు మామయ్యగారు. "నా చిగుళ్లు మరీ అరిగిపోయాయి. మా అల్లుడుగారి చేతి పనికి వంక పెట్టడానికి లేదు."

ఏప్రిల్ 7, ఆదివారం

ఆట లేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపారు.

ఏప్రిల్ 8, సోమవారం

మా ఆవిడకి చెప్పాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మొత్తం విన్నాక, "ఆటకోసమా?" అని ఒక్కమాటే అడిగింది. అవునన్నాను. నా చొక్కా సగం మడతలో వదిలేసి కిందికి దిగింది. వాళ్ల నాన్నకి జావ ఇచ్చి వచ్చాక, "నేను చెప్పను. మీరే చెప్పండి," అంది. పది రోజులు నవ్వుతుందనుకున్నాను. ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఏప్రిల్ 9, మంగళవారం

ఇవాళ చెప్పాలి. కొత్త సెట్టు మొదలుపెట్టాను. ఫిబ్రవరిలో తీసిన అచ్చు ల్యాబులోనే ఉంది. ముందు చేసి చేతిలో పెట్టి, తర్వాత చెప్పడం మంచిదేమో.

ఏప్రిల్ 10, బుధవారం

ఇవాళ చెప్పాలి. కిందికి వెళ్లాను. పేపరు చదువుతున్నారు. ఎండలు ముదిరాయని చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 11, గురువారం

ఇవాళ చెప్పాలి.

ఏప్రిల్ 13, శనివారం

చెప్పాను.

"మామయ్యగారూ, మీ చిగుళ్లకేం కాలేదు. సెట్టుని పట్టి ఉంచే వెనక అంచు నేనే అరగదీశాను," అన్నాను. గోడకి ఆనుకున్నాను.

"ఎందుకు?" అన్నారు. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వదులుగా ఉంటే మీరు బ్లఫ్ చేసినప్పుడు టక్కుమని చప్పుడొస్తుంది. అది వినబడాలని."

తిడతారని ఎదురుచూశాను. తిడితే బావుండేది. ఆయన మెల్లిగా అడిగారు, "ఆరో తారీఖున మైకు ఉందని తెలుసు కదా మీకు?"

"తెలుసు," అన్నాను.

లేచి వెనక్కి తిరిగారు. పై సెట్టు, కింది సెట్టు రెండూ తీసి, జేబురుమాల్లో చుట్టి, నా చేతిలో పెట్టారు. చేత్తో గుమ్మం చూపించారు. ఇంతకాలం ఆయన పళ్లు లేకుండా నాకు కనబడ్డది అచ్చు తీసే కుర్చీలోనే. బుగ్గలు లోపలికి పోయి ఇంకెవరో ముసలాయన్లా ఉన్నారు. చేసింది నేను. ఎండలూ కాదు, వికారమూ కాదు. నేను.

ఏప్రిల్ 14, ఆదివారం

మూడింటికి డ్రైవరు వచ్చాడు. అతనికీ చెప్పాను. తన దారులన్నీ ఆ గొంతుతో వినాలనుకున్న మనిషి కదా, చెప్పకుండా ఎలా? చాలాసేపు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "ఆడకపోయుంటే సరిపోయేది కదండీ," అని వెళ్లిపోయాడు. మేస్త్రీ అనలేదు.

ఏప్రిల్ 16, మంగళవారం

మా ఆవిడ వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే వద్దన్నారట. నా దగ్గరికా అంటే పేపరు తెరిచారట. జావ తాగుతున్నారు. వీధిలోకి రావడంలేదు. పాలవాడితో సైగలతో మాట్లాడుతున్నారట.

ఆయన ఇంకెవరి చేతిపళ్లైనా పెట్టుకున్నా నాకు ఫరవాలేదు అని రాయబోయాను. ఫరవాలేదని కాదు.

ఏప్రిల్ 18, గురువారం

కొత్త సెట్టు పూర్తయింది. వెనక అంచు నాలుగుసార్లు చూశాను. ఇరవయ్యేళ్లలో ఇంత మంచి పని చేయలేదు. ఇందులో గొప్ప చెప్పుకోవడం లేదు, విశ్లేషణా లేదు. అచ్చు మీద పెట్టి లాగితే రావడంలేదు. నోట్లో కూర్చుంటే చప్పుడనేదే ఉండదు.

"తయారైందని నాన్నకి చెప్పాను," అంది మా ఆవిడ.

"ఏమన్నారు?"

"జావ గిన్నె కడిగి బోర్లించారు."

ఏప్రిల్ 21, ఆదివారం

మూడు గంటలకి మెట్లమీద అడుగుల చప్పుడు. మామయ్యగారు. వెనకాల డ్రైవరు. మామయ్యగారు కుర్చీ కిటికీ వైపు లాక్కుని కూర్చుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచారు.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. మా ఆవిడ తువ్వాలు అందించింది. ముందు కింది సెట్టు పెట్టాను, తర్వాత పైది. వేలితో అంగిలి మీద నొక్కి పట్టుకున్నాను. ఒకరి నోట్లో వేలు పెట్టడం నాకు రోజూ ఉండే పనే. ఇవాళ మాత్రం పదిదాకా లెక్కపెట్టాను. ఆయన ఒక్క పంటి గాటు పెట్టినా నేను కిమ్మనేవాణ్ణి కాదు.

పెట్టలేదు. నోరు మూసి, నాలుక తిప్పి చూసుకున్నారు. దవడ అటూ ఇటూ ఆడించారు. కళ్లు తెరిచారు.

"గట్టిగానే ఉన్నట్టుంది," అన్నారు.

"ఇక కదలదు మామయ్యగారూ."

"మరి మీరు ఓడిపోతారు కదా అల్లుడుగారూ."

"ఓడిపోతాను."

"ఫరవాలేదా?"

ఫరవాలేదండీ అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. "లేదండీ," అన్నాను. "బాధగా ఉంటుంది. చాలా ఉంటుంది. పడతాను."

ఆయన నా మొహం చాలాసేపు చూశారు. ఏం చదివారో తెలియదు. పేకముక్కల కట్ట నా ముందుకి తోసి, "పంచండి," అన్నారు.

పంచాను.